తొరాంగ్ లా కంటే ముందు గోస్తని

బయల్దేరే ముందు

నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ నడవాలని మా వదినా నేనూ నిర్ణయించుకున్నాం. వచ్చే దసరా సెలవులకి ఇంకొన్ని సెలవులు కలుపుకుని రెండు వారాలు నడవాలి, బ్యాగులు మేమే మోసుకోవాలి. నాకు కావలసింది తొరాంగ్ లా అనే కనుమ, 5,416 మీటర్ల ఎత్తు. వదినకి కావలసింది దానికి అవతల ఉన్న ముక్తినాథ్. 108 దివ్యదేశాల్లో అదొకటి, సాలగ్రామాలు దొరికే కాళీ గండకీ లోయకి దగ్గర. అక్కడికి బస్సులోనూ వెళ్లొచ్చు, విమానంలో జోమ్‌సోమ్ దాకానూ వెళ్లొచ్చు. మా వీధిలో అలా వెళ్లొచ్చినవాళ్లున్నారు. వదిన మాత్రం నడిచే వెళ్తానంటుంది. అలా ఇద్దరి దారీ ఒకటైంది.

మా ఇద్దరిలో నడిచే మనిషి వదినే. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ ఏ ఏడూ మానదు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లు నడిచి, మర్నాడు స్కూలుకి వెళ్లి పాఠం చెప్తుంది. నాది కూర్చునే ఉద్యోగం. నా దగ్గరున్నవి మ్యాపులు, పట్టికలు, రాత్రిళ్లు కూర్చుని చదివిన సమాచారం.

పట్టిక ఎంత బాగున్నా, నిండు బ్యాగుతో నాలుగైదు రోజులు వరసగా నడిస్తే గానీ అది నిజమో కాదో తెలీదు. అందుకే ముందు ఇక్కడే నడుద్దామనుకున్నాం. దారి కోసం పెద్దగా వెతకలేదు. అన్నపూర్ణ దారి మొదటి సగం మర్స్యాంగ్దీ నది వెంట ఎగువకి సాగుతుంది. మనకీ ఒక నది ఉంది కదా. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కింద నుంచి పారి, తాటిపూడి రిజర్వాయరు నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలి నుంచి బొర్రా దాకా ఏటికి ఎదురు వెళ్దాం అన్నాను. "మరి ఇంటి నుంచి భీమిలి దాకా ఎవరు నడుస్తారు?" అంది వదిన. అలా ఆర్కే బీచ్ కూడా చేరింది.

బ్యాగులు తూచింది మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద. నిండు బ్యాగు కాదు, ఒక్కో వస్తువూ విడివిడిగా. స్లీపింగ్ బ్యాగ్ కిలోన్నర, నా పవర్ బ్యాంకు అరకిలో. వదిన స్టీలు క్యారేజీ, చెంబు, గాజు సీసాలో ఆవకాయ కలిపి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. కొట్టాయన కళ్లజోడు పైకి తోసుకుని, "కిలో ఎంతకిస్తారేటమ్మా?" అన్నాడు. బ్యాగు బరువు మన ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని ఒక లెక్కుంది, ఎత్తు ప్రాంతాల్లో ఇంకా తక్కువైతే మేలు. నా బ్యాగు పదమూడున్నర కిలోల దగ్గర మొదలై పదికి దిగింది. వదినది ఎనిమిది. క్యారేజీ పోయింది, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది, చెంబు మాత్రం ఉండిపోయింది. వైజాగ్ ఎండలో దూదిపింజెల కోటు అక్కర్లేదు గానీ దాన్నీ పెట్టుకున్నాం. అక్కడ మోయబోయే బరువే ఇక్కడా మోయాలి కదా.

మొదటి రోజు: ఆర్కే బీచ్ నుంచి భీమిలి

సంక్రాంతి వెళ్లిన వారం. తెల్లవారుజామున నాలుగున్నరకి కాళీమాత గుడి ముందు నుంచి బయల్దేరాం. టైము వదిన పెట్టింది. ఆరింటికి చాలు అన్నాను, "ఎండెక్కాక నడిచేవాళ్లని చూసి ఎండే నవ్వుద్ది" అంది. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన మా బ్యాగులు చూసి, "ట్రెయిన్ మిస్సయ్యారా అమ్మా?" అని జాలిగా అడిగారు.

కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ-142 విమానం, రెండూ చీకట్లోనే దాటేశాం. లాసన్స్ బే దాటేసరికి నా భుజాలు మొర పెట్టడం మొదలెట్టాయి. బెంచీ దగ్గర ఆగి నడుం పట్టీ విప్పి మళ్లీ కట్టుకున్నాను. ఈ పట్టీ నడుముకి కాదు, తుంటి ఎముక మీదికి రావాలి. ముందు దాన్ని అక్కడ బిగించి, ఆ తర్వాత భుజం పట్టీలు కాస్త వదులు చెయ్యాలి. అప్పుడు బరువంతా తుంటి మీదికి దిగుతుంది, భుజాలు బ్యాగు పక్కకి ఒరగకుండా పట్టుకుంటే చాలు. వదినకి చున్నీతో ఇంకో చిక్కు: ఛాతీ పట్టీ కింద ఇరుక్కుని మెడకి బిగుస్తోంది. రెండు సార్లు విదిలించి, మూడోసారి చున్నీ తీసి బ్యాగులో కుక్కేసింది. ఎనభై గ్రాములే కదా అని నేనేం అనలేదు.

తెన్నేటి పార్కు దగ్గర వెలుగొచ్చింది. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తెగి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి ఇక్కడి రాళ్ల మీదే ఇరుక్కుంది. ఊరంతా సెల్ఫీలకి కదిలింది. అక్టోబరు నెలంటే మన తీరానికి ఎప్పుడూ అనుమానమే. ఈ మాట మళ్లీ వస్తుంది.

జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ దాటి రుషికొండలో ఇడ్లీ తిన్నాం. రోడ్డు బాగున్నా ఆగే టీలు, ఫొటోలు, బ్యాగు సర్దుకోవడాలు అన్నీ కలిపితే గంటకి మూడు కిలోమీటర్లే పడుతోంది. నా పట్టికలో నాలుగున్నర వేసుకున్నాను. సముద్ర మట్టాన మూడైతే నాలుగు వేల మీటర్ల మీద ఒకటిన్నర అనుకోవాలి. ఆ పూటే పెన్సిలు తీసి అన్ని రోజుల గంటలూ పెంచేశాను.

తొట్లకొండ ఎక్కుదాం అన్న మాట ఎవరం ఎత్తలేదు. మంగమారిపేట దాటాక సరుగుడు తోటలో మధ్యాహ్నం పడక వేశాం. సాయంత్రం ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు నిలబడి, దీపాలు పెట్టే వేళకి భీమిలి చేరాం. పాతిక కిలోమీటర్ల పైమాటే. లాడ్జిలో నేను కాళ్లు గోడకి ఆనించి పడుకున్నాను. వదిన సాక్సులు కూడా విప్పకుండా దుప్పటి కప్పుకుంది. అలిసిపోయిందేమో అనుకున్నాను.

రెండో రోజు: భీమిలి నుంచి పద్మనాభం

పొద్దున్నే గోస్తని సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. ఇసుక తిన్నె పక్క నుంచి బద్ధకంగా పారే కొద్దిపాటి నీళ్లు. వదిన చెంబుతో నీళ్లు తీసి నెత్తిన చల్లుకుంది. చెంబు ఎందుకు మోస్తోందో అప్పుడర్థమైంది, బొర్రా దగ్గర కూడా ఇదే చెయ్యాలట. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు చూసి, లోపలి రోడ్డు పట్టాం.

కొంత దూరం పోయాక వదిన ఎడమ కాలు ఒక పక్కకి వేస్తోందని గమనించాను. అడిగితే ఏం లేదంది. ఇంకో కిలోమీటరు తర్వాత టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి షూ విప్పించాను. మడమ వెనక రూపాయి బిళ్లంత బొబ్బ, చిట్లి, సాక్సుకి అంటుకుపోయింది.

"నిన్న ఎప్పుడు మొదలైంది వదినా?"

"రుషికొండ దగ్గరేమో."

"చెప్పలేదేం?"

"గిరి ప్రదక్షిణలో నొప్పని ఎవరికైనా చెప్పుకుంటామేంటి? నడుస్తూ ఉంటే అదే పోద్ది."

చెప్పుల్లేకుండా ఎన్ని కిలోమీటర్లు నడిచినా ఆమె కాలికి బొబ్బ రాలేదు. అరికాలు రాటుదేలిపోయింది, మడమని ఒరుసుకునేది ఏదీ లేదు. షూ వేసుకున్నాక లెక్క మారింది. నూలు సాక్సు చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, తడి చర్మం రాపిడికి తట్టుకోదు. అందుకే ఉన్ని కలిసిన సాక్సు కావాలి, షూ అర సైజు పెద్దది కావాలి, ఎందుకంటే మధ్యాహ్నానికి పాదాలు ఉబ్బుతాయి. అన్నిటికంటే ముఖ్యం, చురుక్కుమన్న నిమిషానే ఆగి అక్కడ టేపు వేసుకోవాలి. బొబ్బ లేచాక చేసే వైద్యం కంటే లేవక ముందు అంటించే రెండంగుళాల టేపు మేలు. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, మందు రాసి, మెత్తటి గాజ్ గుడ్డ పెట్టి టేపు చుట్టాను. టీ కొట్టామె ఊరకే చూడలేక, "పసుపెట్టండమ్మా" అని పొట్లం తెచ్చింది. వద్దంటే బాగుండదని తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాం.

ఆ బల్ల మీదే వదినతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఇక్కడ చెప్పకపోతే బొబ్బ ముదురుతుంది, అంతే. అక్కడ మూడు వేల మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి, తూలడం లాంటివి దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎత్తు పడకపోవడం అనేది ఒంట్లో బలాన్ని బట్టి రాదు, రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికీ వస్తుంది. తలనొప్పి ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి, ఇంతకు మించిన మందు లేదు. మాత్రలున్నాయి, అసిటజోలమైడ్ అంటారు, సల్ఫా మందులు పడనివాళ్లకి అది కుదరకపోవచ్చు, డాక్టర్ని అడిగే వాడాలి. ఇవన్నీ వదిన శ్రద్ధగా విని, "అయితే నీకు తలనొప్పొస్తే నువ్వూ చెప్పాలి. నీ కొండ కోసం దాచెయ్యకూడదు" అంది. ఆ రెండో సగం నాకు తట్టలేదు.

పద్మనాభం చేరేసరికి మధ్యాహ్నం. 1794 జులై 10న చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి పడిపోయింది ఇక్కడే. కింద కుంతీమాధవస్వామి గుడి, కొండ మీద అనంత పద్మనాభస్వామి, మధ్యలో పన్నెండు వందల పైచిలుకు మెట్లు. వదినని కింద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే బ్యాగుతో ఎక్కాను. ఎక్కడం ఆయాసం, అంతే. దిగేటప్పుడు కదా తెలిసింది. మోకాళ్లు వణికి, వేళ్లు షూ ముందు భాగానికి కొట్టుకున్నాయి. తొరాంగ్ లా నుంచి ముక్తినాథ్‌కి ఒక్క రోజులో దిగాల్సిన ఎత్తు 1,600 మీటర్లు. దాని కోసం జాబితాలో రెండు చేతికర్రలు చేరాయి, కాలిగోళ్లు తీసుకోవడం చేరింది, మా ఇంటి దగ్గర కైలాసగిరి మెట్లు రోజూ ఎక్కడం కాదు, దిగడం చేరింది.

మూడో రోజు: పద్మనాభం నుంచి జామి

వదిన షూ బ్యాగుకి వేలాడదీసి చెప్పులతో నడిచింది. రోడ్డు అలమండ మీదుగా పోతుంది. కోతలైపోయిన మళ్లు, గడ్డివాములు, మామిడి చెట్ల నిండా పూత. ప్రతి ఊళ్లోనూ అదే ప్రశ్న.

"ఎక్కడికెల్తన్నారమ్మా ఈ మూటలేసుకోని?"

"బొర్రా."

"నడిసేనా? బస్సుకి డబ్బుల్లేవేటి?"

ఒకామె అయితే నమ్మలేక పాతిక రూపాయలు ఇవ్వబోయింది. వదిన తీసుకోలేదు గానీ అడిగి మజ్జిగ తాగింది. నీళ్ల లెక్క ఇక్కడే సరిగ్గా తెలిసింది. చలికాలంలో కూడా బ్యాగుతో నడిస్తే ఒక్కొక్కరికి మూడు లీటర్లు పడుతోంది. అన్నపూర్ణ దారిలో కొన్ని ఊళ్లలో శుభ్రం చేసిన తాగునీళ్లు అమ్మే కేంద్రాలున్నాయి, మన సీసా మనం తీసుకెళ్తే నింపుతారు. ప్లాస్టిక్ సీసాలు కొనక్కర్లేదు, అయినా క్లోరిన్ బిళ్లలు దగ్గరుండాలి.

జామి గోస్తని ఒడ్డున ఊరు. వదిన పిన్ని గారిల్లు అక్కడే. మమ్మల్ని గుమ్మంలో చూసి ఆవిడ, "నీకేటి పొయ్యేకాలమొచ్చిందే, కాళ్లిలా చేసుకున్నావు" అని తిడుతూనే వేణ్నీళ్లు పెట్టింది. చోడి (రాగి) అంబలిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ, ఊరుమిరపకాయ పక్కన పెట్టి ఇచ్చింది. రెండు గ్లాసులు తాగాక అడిగాను, చోడి పిండి వేయించి తీసుకెళ్తే ఎన్నాళ్లుంటుందని. నెల్లాళ్లకి ఢోకా లేదంది. వేణ్నీళ్లు, బెల్లం ఉంటే చాలు. బజార్లో కొన్న ఎనర్జీ బార్లు అరడజను జాబితాలోంచి కొట్టేశాను. అక్కడి బసల్లో పప్పూ అన్నమే ప్రధానం, కోరినంత మారు వడ్డిస్తారు కాబట్టి భోజనానికి బెంగ లేదు. కందిపొడి ఉంటే వదినకి అసలే లేదు.

రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు పిన్నిగారు అడిగింది, "ఎప్పుడెల్తారు?" అని. అక్టోబరు అన్నాను. "హుద్‌హుద్ నెల కదా" అంది.

ఆ మాటకి ఎవరి కథ వాళ్లం చెప్పుకున్నాం. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా ఇంట్లో కిటికీ రెక్క ఊడి ఎదురింటి డాబా మీద పడింది. వదిన, అన్నయ్య, నేను బాత్రూంలో నక్కాం. గాలి ఆగాక బయటికొస్తే వీధి గుర్తుపట్టలేకపోయాం, ఎందుకంటే చెట్లు లేవు. ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయింది. కంబాలకొండ, కైలాసగిరి రాత్రికి రాత్రి గోధుమరంగు అయిపోయాయి. కరెంటు లేదు, పాల ప్యాకెట్టుకి క్యూ, పెట్రోలుకి క్యూ. పిన్నిగారి ఊళ్లో అరటి, కొబ్బరి అంతా నేల మట్టం.

అప్పుడు నేను చదివి దాచుకున్న సంగతి చెప్పాను. మన ఇళ్ల మీదుగా పోయిన ఆ తుఫాను అక్కడితో ఆగలేదు. బలహీనపడుతూ ఉత్తరాదికి పోయి, రెండో రోజుకి హిమాలయాలకి తగిలింది. అక్టోబరు 14న తొరాంగ్ లా మీద మంచు తుఫాను అయి కురిసింది. సరిగ్గా మేం నడవబోయే కనుమ. ఆ కనుమ మీదా చుట్టుపక్కల కొండల్లోనూ యాత్రికులు, గైడ్లు, కూలీలు, పశువుల కాపర్లు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది ముక్తినాథ్ వైపు దిగుతూ దారి కనబడక పోయినవాళ్లే. పైన ఒక చిన్న టీ కొట్టుంది, దాన్లో ఇరుక్కున్నవాళ్లు కొందరు, దాన్ని వదిలి దిగినవాళ్లు కొందరు. విశాఖకి నాలుగు రోజుల ముందు నుంచీ హెచ్చరికలున్నాయి, టీవీలో గంటగంటకీ చెప్పారు. ఆ కనుమ కింద బస చేసినవాళ్లలో చాలామందికి ఆ కబురే అందలేదు.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మానేద్దామా?" అంది. నేను మానేద్దామనలేదు. నవంబరుకి మార్చినా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం పోదు, మార్చి-ఏప్రిల్ అయితే ఆమెకి పరీక్షల హడావుడి. నెల మార్చడం కంటే పట్టిక మార్చడం మేలనిపించింది. నా పట్టికలో పద్నాలుగు రోజులకి పద్నాలుగు ఊళ్లున్నాయి, ఊపిరి తీసుకోవడానికి కనుమకి ముందు వచ్చే మనాంగ్ అనే ఊళ్లో తప్ప ఖాళీ లేదు. అలాంటి పట్టిక చేతిలో ఉన్నవాడు వాతావరణం బాగోలేదని తెలిసినా కనుమ ఎక్కుతాడు, టికెట్టు తేదీ వెనకనుంచి తరుముతుంది కాబట్టి. కనుమకి ముందు కనీసం మూడు రోజులు మిగులు పెట్టాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని మన వాతావరణ కేంద్రం చెప్తే, మేం ఎక్కడుంటే అక్కడే ఆగాలి. మనాంగ్ వరకు ఫోను పలుకుతుంది, ఆ పైన అనుమానం. అన్నయ్య రోజూ బులెటిన్ చూసి మెసేజ్ పెట్టాలని అప్పటికప్పుడు ఫోనులో ఒప్పించాం. ఆయన గారు, "ఇంట్లో కూర్చుని నేను గైడ్‌ననమాట" అన్నారు. అసలు గైడ్ కూడా ఉంటాడు. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ యాత్రికులు గైడ్ లేకుండా నడవకూడదని నేపాల్ నిబంధన పెట్టింది. మొదట విసుక్కున్నాను గానీ, ఆ రాత్రి తర్వాత అది ఖర్చులా అనిపించలేదు.

నాలుగో రోజు: తాటిపూడి మీదుగా శృంగవరపుకోట

తక్కువ నడక, ఎక్కువ ఆగడం. బొబ్బ ఎండింది. తాటిపూడి గట్టు మీద కూర్చుని పిన్నిగారు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. గోస్తని మీద 1960లలో కట్టిన రిజర్వాయరు ఇది, విశాఖ కొళాయిల్లోకి వచ్చే నీళ్లలో ఈ నీళ్లూ ఉన్నాయి. మూడు పక్కలా కొండలు, నీటి మీద పడవ ఒక్కటే. రాత్రికి ఎస్.కోట లాడ్జి. ఫ్యాన్ తిరగలేదు, దోమలు తిరిగాయి. ఇక చెప్పడానికేం లేదు.

అయిదో రోజు: ఎస్.కోట నుంచి టైడా

ఘాట్ మొదలైంది. రోడ్డు మీద నడక అంటే నాకు ఇష్టం లేదు, ఇదైతే మరీ. మలుపు మలుపుకీ హారన్లు, అరకు వెళ్లే కార్లు, బైకుల మీద కుర్రాళ్ల కేకలు. అన్నపూర్ణ దారిలో కూడా ఇప్పుడు మనాంగ్ దాకా జీపు రోడ్డు పడింది. అయితే రోడ్డుని తప్పిస్తూ పాత కాలిబాటలకి ఎరుపు, తెలుపు గీతలతో గుర్తులు పెట్టారు. ఆ గీతలు చూసుకుంటూ నడిస్తే దుమ్ము తప్పుతుంది. మ్యాపులో ఆ బాటలన్నీ గుర్తు పెట్టుకోవాలని ఈ ఘాట్‌లో రెండో లారీ పొగ మింగాక నిశ్చయించుకున్నాను.

ఎక్కేటప్పుడు వదిన అడుగు చూసి నేర్చుకున్నాను. చిన్న అడుగు వేసి, వెనక కాలు నిటారుగా ఉంచి, దాని మీద క్షణం ఆగి, అప్పుడు రెండోది. మెట్ల మీద ముసలమ్మలు ఎక్కే పద్ధతే. దీన్నే కొండలెక్కేవాళ్లు ప్రత్యేకంగా నేర్పుతారు. నోటితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి, మాట తెగితే వేగం ఎక్కువైనట్టు. మేం మాట్లాడుకుంటూనే వెళ్లాం, ఎక్కువగా వదిన వాళ్ల హెడ్‌మిస్ట్రెస్ గురించి, సెలవు గురించి.

టైడాలో జంగిల్ బెల్స్ చెక్క కాటేజీలో దిగాం. రాత్రి చలి పడింది. మోసినందుకు ఆ దూదిపింజెల కోటు ఒక్క పూటైనా వేసుకున్నాను.

ఆరో రోజు: అనంతగిరి, బొర్రా, తిరుగు రైలు

దారి పక్క సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. ఒక ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ పళ్లు ఎండబోస్తున్నారు. నాకు ఒకటి నోట్లో పెట్టుకోమని ఇచ్చింది ఆ ఇంటామె. పై తొక్క తియ్యగా ఉంది, లోపల గింజ జారుడుగా.

అనంతగిరి దాటి బొర్రాకి దిగాం. గుహల్లో టిక్కెట్ల గోల, కోతుల గోల. లోపల శివలింగం దగ్గర వదిన ఆగిపోయింది, నేను బయటికొచ్చి లోయలో గోస్తని వినబడే చోట కూర్చున్నాను. బొర్రా 705 మీటర్ల ఎత్తని బోర్డు మీద చూశాను. నేపాల్‌లో నడక మొదలయ్యే బెసిసహర్ 760 మీటర్లు. ఇన్ని రోజులు పడి ఎక్కి వచ్చింది అక్కడ బస్సు దిగే చోటు కంటే తక్కువే. వదినకి చెప్తే, "అయితే అక్కడ బస్సు మనల్ని ఇంత పైకి ఉచితంగా ఎక్కిస్తుందన్నమాట" అంది.

సాయంత్రం బొర్రాగుహలు స్టేషన్లో కిరండూల్ నుంచి వచ్చే రైలెక్కాం. ఒడిలో కాగితం పెట్టుకుని పట్టిక మొదటి నుంచి రాశాం, సొరంగం వచ్చినప్పుడల్లా పెన్ను ఆపి.

బెసిసహర్ నుంచి ప్రతి అడుగూ నడవాలన్న నా పంతం వదిలేశాను. ధారాపానీ దాకా జీపులో వెళ్తాం. అది 1,900 మీటర్ల లోపే కాబట్టి ఎత్తు ఇబ్బంది లేదు, రెండు రోజులు మిగులుతాయి. అక్కడి నుంచి చామే, పై పిసాంగ్. చామే 2,670, పిసాంగ్ 3,300. మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. ఆ లెక్కన చామే, పిసాంగ్ మధ్యే కాస్త ఎక్కువ అవుతుంది. అందుకే పిసాంగ్‌లో ఒక రోజు ఆగుతాం. తర్వాత 3,540 మీటర్ల మనాంగ్‌లో రెండు రాత్రులు అనుకున్నది మూడు చేశాం. యాక్ ఖర్కా, తొరాంగ్ ఫేదీ, కనుమ, ముక్తినాథ్. మిగిలిన ఖాళీ రోజు ఎక్కడ వాడాలో అక్కడే తేలుతుంది, దాని మీద ఊరి పేరు రాయలేదు. ముక్తినాథ్‌లో రెండు రాత్రులు కావాలని వదిన అడిగింది, 108 ధారల్లో స్నానం ఒక పూటలో తేలే పని కాదంది. ఇచ్చాను. మధ్యలో వచ్చే కాగ్‌బేనీ ఊరు తీసేసి జోమ్‌సోమ్‌కి నేరుగా వెళ్తాం.

డబ్బు లెక్క చిన్నదే. మనకి నేపాల్ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిటు సార్క్ దేశాలవాళ్లకి 1,000 నేపాలీ రూపాయలు, అంటే మన 625. పెద్ద ఖర్చు గైడ్, బస, ఇన్సూరెన్స్. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టర్ ఉందో లేదో చిన్న అక్షరాల్లో చూడాలి. నాలుగు వేల మీటర్ల దగ్గర ఆగిపోయే పాలసీలు మాకు పనికిరావు.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుచుకుంటాయి. ఇక్కడి నుంచి హౌరా, హౌరా నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటితే బీర్‌గంజ్. వెళ్లేవి ఆ రోజే కొంటాం. తిరుగు టికెట్టు మాత్రం కొనకూడదని తీర్మానించుకున్నాం, జోమ్‌సోమ్ దిగాక తత్కాల్‌లో చూసుకోవాలి. దొరక్కపోతే రక్సౌల్లో ఒకటో రెండో రాత్రులు ఎక్కువ. ఆ సంగతి హెడ్‌మిస్ట్రెస్‌కి ఎలా చెప్పాలా అని కొత్తవలస దాకా ఆలోచించిన వదిన, చివరికి ముందు అన్నయ్యకి చెప్పి చూస్తానంది, ఆయన ఒప్పుకుంటే ఆవిడా ఒప్పుకున్నట్టేనట.